కూటమిలో ఉంటూనే కాదన్న డిగాల్

ప్రశ్న: అమెరికాకు మిత్రదేశమైన ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా ఎందుకు వ్యతిరేకించారు? ఆ కోపంతోనే నాటో నుంచి తప్పుకొన్నారంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా రెండో సందేహం. ఫ్రాన్స్ నాటోను వదలలేదు. 1966 మార్చి 7న డిగాల్ అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కు రాసిన లేఖ తర్వాత ఫ్రెంచి సేనలు ఉమ్మడి సైనిక నాయకత్వం నుంచి బయటికి వచ్చాయి, అమెరికా స్థావరాలు ఫ్రాన్స్ నుంచి తరలిపోయాయి; కాని నాటోకు పునాది అయిన 1949 నాటి ఒప్పందంలో ఆ దేశం కొనసాగింది. ఈ అసంతృప్తి వియత్నాం కంటే పాతది. కూటమి నిర్ణయాల్లో అమెరికా, బ్రిటన్‌లతో సమాన స్థానం కావాలని డిగాల్ 1958లోనే కోరారు, అది దక్కలేదు. ఆసియాలో అమెరికా చేసే యుద్ధం తమను కూడా లోపలికి లాగుతుందన్న భయం 1966 నాటికి దానికి తోడయింది.

ఇక యుద్ధం మాట. ఆయన వ్యతిరేకతకు మూలం అమెరికా మీది ద్వేషం అనుకోవడం సరికాదు. 1962 క్యూబా క్షిపణి సంక్షోభంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఆయన గట్టిగా అండగా నిలిచారు. వియత్నాం విషయంలో మాట్లాడించింది సొంత అనుభవం. వియత్నాం, లావోస్, కంబోడియాలతో కూడిన తమ పాత వలస ఇండోచైనాను తిరిగి చేజిక్కించుకోవడానికి 1945లో సేనలను పంపింది డిగాల్ ప్రభుత్వమే (ఈ సంగతిని ఆయన అభిమానులు అంతగా తలవరు). ఆ యుద్ధం 1954లో వియత్నాంలోని దియన్ బియన్ ఫూ వద్ద ఫ్రెంచి సేనల ఓటమితో ముగిసింది. ఆ తర్వాత తమ మరో వలస అల్జీరియాలో సైనికంగా పైచేయిగా ఉండి కూడా 1962లో స్వాతంత్ర్యం ఇవ్వక తప్పలేదు. స్వదేశం కోసం లేచిన ప్రజలను ఆయుధబలంతో లొంగదీయలేమని ఆయన నేర్చుకున్నది అక్కడే. 1961లో పారిస్ వచ్చిన కెనెడీని అంతులేని ఊబిలో దిగవద్దని హెచ్చరించారు. చైనాను పక్కనపెట్టి ఆసియాలో శాంతి అసాధ్యమని భావించి, 1964 జనవరిలో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని గుర్తించారు.

1966 సెప్టెంబర్ 1న కంబోడియా రాజధాని నాంపెన్‌లో, ఆ దేశాధినేత సిహనూక్ సమక్షంలో, లక్షమంది జనం ఎదుట ఆయన చేసిన ప్రసంగం వీటన్నిటికీ పరాకాష్ఠ. సైనిక పరిష్కారం లేదని, తగిన గడువులోగా సేనలను ఉపసంహరిస్తామని అమెరికా మాట ఇస్తేనే చర్చలకు దారి ఏర్పడుతుందని అన్నారు. భారమంతా వాషింగ్టన్ మీదనే మోపి హనోయిని, అంటే ఉత్తర వియత్నాం ప్రభుత్వాన్ని, దాదాపుగా విడిచిపెట్టడం ఆ ప్రసంగంలోని లోపమేనని నా అభిప్రాయం. జాన్సన్ ఆ సలహాను పట్టించుకోలేదు. చివరికి 1973 జనవరి 27న కుదిరిన ఒప్పందం, అదీ పారిస్‌లోనే, అమెరికా సేనలు 60 రోజుల్లో వైదొలగాలని నిర్దేశించింది. అప్పటికి డిగాల్ మరణించి రెండేళ్లు దాటింది.