విక్టర్ జూనియర్ మానిఫోల్డ్ ఉన్న 350కి ఏ క్యామ్ వేయాలి?

మీరు అడిగింది ఇదీ: డల్లాస్‌లో 1979 కమారో కొన్నారు. షెవర్లే 350 ఇంజిన్, 9:1 కంప్రెషన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక ఇరుసులో 3.08 గేరు. పాత ఓనరు దాని మీద విక్టర్ జూనియర్ సింగిల్ ప్లేన్ మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకి గాలీ పెట్రోలూ తీసుకెళ్లే భాగం) బిగించి అమ్మాడు. ఇప్పుడు దానికి సరిపోయే క్యామ్ (వాల్వుల్ని తెరిచి మూసే షాఫ్ట్) కావాలి.

ఆ మానిఫోల్డ్‌కి సరిపోయే క్యామ్ దొరుకుతుందండి, కానీ అది మీ బండికి సరిపోదు. ముందు మానిఫోల్డ్ అమ్మేయండి.

దాన్ని తయారుచేసే ఎడెల్‌బ్రాక్ వాళ్లు విక్టర్ జూనియర్‌కి 3500 నుంచి 8000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) అని రాస్తారు. మీ బండి గంటకి 60 మైళ్లు వెళ్లేటప్పుడు ఇంజిన్ ఎంత తిరుగుతుందో లెక్కేయండి. 60ని 3.08తో, తర్వాత 336తో (మైళ్లు, అంగుళాలు కలిపే స్థిర సంఖ్య) గుణించి, 26 అంగుళాల టైరుతో భాగిస్తే 2388 వస్తుంది. హైవే మీద 88 మైళ్లకి వస్తే గానీ ఆ మానిఫోల్డ్ పని మొదలుపెట్టదు. ఊళ్లో తిరిగే బండికి అది దండగ.

క్యామ్ కొనేటప్పుడు అందరూ లిఫ్ట్ (వాల్వ్ ఎంత ఎత్తు తెరుచుకుంటుందన్నది) చూస్తారు, లేకపోతే ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఆ గడగడ శబ్దం ఎంత బావుందో వీడియోలో వింటారు. శబ్దం విని క్యామ్ కొనడమంత నష్టం ఇంకోటి లేదు. చూడాల్సింది ఇంటేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందన్నది. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి వస్తున్నా వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది. ఆర్పీఎం ఎక్కువైతే రన్నర్‌లో (మానిఫోల్డ్ గొట్టంలో) గాలికి ఊపు ఉంటుంది కాబట్టి అది సిలిండర్‌లోకే వస్తుంది. తక్కువలో ఆ ఊపు ఉండదు, పీల్చిన మిశ్రమాన్ని పిస్టనే మళ్లీ మానిఫోల్డ్‌లోకి నెట్టేస్తుంది. కాంప్ క్యామ్స్ కంపెనీ ఎక్స్‌ఈ268 క్యామ్‌లో వాల్వ్ దిగువ డెడ్ సెంటర్ (పిస్టన్ అన్నిటికన్నా కిందుండే చోటు) దాటాక 60 డిగ్రీలకి మూసుకుంటుంది, ఎక్స్‌ఈ284లో 68కి. మీది అసలే 9:1 కంప్రెషన్, తక్కువే. ఆ 8 డిగ్రీలు తక్కువ ఆర్పీఎంలో ఉన్న కాస్త బలాన్నీ తినేస్తాయి.

ఓవర్‌ల్యాప్ సంగతి ఇంకా ముఖ్యం. 268లో అది 54 డిగ్రీలు, 284లో 70. అంతసేపు ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచే ఉంటాయి, ఐడిల్‌లో కాలిన పొగ వెనక్కి మానిఫోల్డ్‌లోకి ఎక్కుతుంది. డ్యూయల్ ప్లేన్ మానిఫోల్డ్‌లో 1, 4, 6, 7 సిలిండర్లకి ఒక అర, 8, 3, 5, 2కి ఇంకో అర. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-8-4-3-6-5-7-2 కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి వేర్వేరు అరల నుంచి పీలుస్తాయి. సింగిల్ ప్లేన్‌లో ఎనిమిదింటికీ ఒకే గది. ఒకటి వదిలిన పొగ పక్కది పీలుస్తుంది.

విక్టర్ జూనియర్, ఎక్స్‌ఈ284, కంపెనీ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌నీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నీ కలిపే భాగం) కలిపిన బండిని రెడ్ సిగ్నల్ దగ్గర చూడండి. న్యూట్రల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ చూపే గేజ్ ముల్లు 10 అంగుళాల దగ్గర వణుకుతూ ఉంటుంది. డ్రైవ్‌లో పెడితే 6కి పడిపోతుంది. కార్బురేటర్‌లో 6.5 పవర్ వాల్వ్ (వాక్యూమ్ 6.5 కంటే తగ్గితే అదనంగా పెట్రోలు వదిలేది) ఉంటే అది ఐడిల్‌లోనే తెరుచుకుంటుంది: ఒకటే పెట్రోలు కంపు, ప్లగ్గులు మసి పట్టి నల్లబడతాయి. బ్రేక్ పెడల్ రాయిలా ఉంటుంది, బూస్టర్‌కి వాక్యూమ్ చాలదు. గ్రీన్ పడి కాలు నొక్కితే బండి ఒక్క క్షణం ముక్కి, తర్వాతే కదులుతుంది. కార్బురేటర్ పాడైందనుకుని జెట్లు మారుస్తూ కూర్చుంటారు. పవర్ వాల్వ్‌ని డ్రైవ్‌లో ఉన్న వాక్యూమ్‌లో సగానికి పెడితే కంపు తగ్గుతుంది గానీ పికప్ రాదు.

తిరగేసి చేసే తప్పు కూడా ఉంది. 1987 కార్వెట్‌లోని ఎల్98 ఇంజిన్‌కి పొడుగు రన్నర్ల ట్యూన్డ్ పోర్ట్ ఇంజెక్షన్. 240 హార్స్‌పవర్ 4000 ఆర్పీఎంకే వచ్చేస్తుంది. దానికి 6500 దాకా లాగే క్యామ్ వేస్తే కింద బలం పోతుంది, పైన గాలి అందదు.

మీకు నేను చెప్పేది పెర్ఫార్మర్ ఆర్పీఎం అనే డ్యూయల్ ప్లేన్ మానిఫోల్డ్, 1500 నుంచి 6500 చుట్ల దాకా. 3.08 గేరు, పాత కన్వర్టర్ ఉంచుకుంటే ఎక్స్‌ఈ262: లిఫ్టర్ 0.050 అంగుళం లేచిన దగ్గర ఇంటేక్/ఎగ్జాస్ట్ 218/224 డిగ్రీలు, లిఫ్ట్ 0.462/0.469 అంగుళం. గేరు 3.73కి మార్చి 2400 స్టాల్ కన్వర్టర్ (బండి కదలకముందు ఇంజిన్‌ని 2400 ఆర్పీఎం దాకా లేవనిచ్చేది) వేస్తేనే 268. విక్టరే ఉంచుతానంటే 10:1 కంప్రెషన్, మంచి హెడ్లు, 3000 స్టాల్, 4.10 గేరు, 284 అన్నీ కలిపి చేయాలి. ఒక్కటి తగ్గినా మళ్లీ మొదటికొస్తుంది.

ఏది కొన్నా టైమింగ్ చైన్ గేర్ల మీది చుక్కలు కలిపేసి మూత పెట్టకండి. డిగ్రీ వీల్ (డిగ్రీలు గుర్తు పెట్టిన చక్రం) పెట్టి, పిస్టన్ స్టాప్‌తో టాప్ డెడ్ సెంటర్ పట్టి, గరిష్ఠ లిఫ్ట్‌కి అటూ ఇటూ 0.050 అంగుళం దిగిన చోట్ల రీడింగ్ తీసి సగటు చూడండి. ఈ క్యామ్‌లకి 106 డిగ్రీలు రావాలి. 110 వచ్చిందంటే చైన్ సెట్ వల్లే వాల్వ్ 4 డిగ్రీలు ఆలస్యంగా మూసుకుంటోంది. పాత హెడ్లయితే పూర్తి లిఫ్ట్‌లో వాల్వ్ స్ప్రింగ్ రిటైనర్‌కీ వాల్వ్ సీల్‌కీ మధ్య 0.050 అంగుళం ఖాళీ ఉందా చూడండి. పిస్టన్ మీద మట్టి ముద్ద పెట్టి తిప్పితే వాల్వ్ అచ్చు పడుతుంది. అచ్చు అడుగున ఇంటేక్ దగ్గర 0.080, ఎగ్జాస్ట్ దగ్గర 0.100 అంగుళం మట్టి మిగలాలి.

ఇది ఫ్లాట్ టాపెట్ క్యామ్, అంటే లిఫ్టర్లు (క్యామ్ లేపితే వాల్వుని తెరిచేవి) నేరుగా దాని మీద రాసుకుంటాయి; కొత్త లిఫ్టర్లు తప్పనిసరి. జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, కార్బురేటర్ నింపి, టైమింగ్ ముందే సరిపెట్టుకోండి. స్టార్టర్‌తో అదే పనిగా తిప్పితే లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) మీద పూసిన పేస్టు తుడిచిపెట్టుకుపోతుంది. స్టార్ట్ కాగానే 2000–2500 మధ్య పెంచుతూ తగ్గిస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపాలి, ఐడిల్‌కి దించకూడదు. తర్వాత ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి, మడతల్లో తళుకు ఉందేమో ఎండలో పట్టి చూడండి. అయస్కాంతానికి పొడి గట్టిగా అంటుకుంటే ఒక లోబ్ అరుగుతున్నట్టే, ఇంక స్టార్ట్ చేయకుండా మానిఫోల్డ్ విప్పండి.