చరిత్ర ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ శిక్షణ: చేరేముందు ఏం చూడాలి?

హైస్కూల్లో చరిత్ర చెబుతున్నానని, సెలవుల్లో ఆన్‌లైన్ శిక్షణ కోర్సు చేద్దామనుకుంటున్నానని, వాటివల్ల సర్టిఫికెట్ తప్ప ఇంకేమైనా దక్కుతుందా అని అడిగారు. తప్పకుండా దక్కుతుంది. అయితే కోర్సు పేరు చూసి కాకుండా, అందులో మీచేత ఏం చేయిస్తారో చూసి చేరండి.

నేనూ చరిత్రే చెబుతాను. చాలా కోర్సుల్లో ప్రొఫెసర్లు ఒక్కో యుగం గురించి ఉపన్యాసాలు ఇస్తారు. వినడానికి బాగుంటాయి, విషయ పరిజ్ఞానమూ పెరుగుతుంది. కానీ మర్నాడు తరగతిలో పాఠం మాత్రం పాత పద్ధతిలోనే నడుస్తుంది. నా బోధనను నిజంగా మార్చినవి, మూలపత్రాలను చేతికిచ్చి మనచేతే తర్కింపజేసే కోర్సులు.

ఒక ఉదాహరణ చెబుతాను. 1775 ఏప్రిల్ 19న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైనికులకు, స్థానిక సాయుధ దళానికి మధ్య కాల్పులు జరిగాయి. తొలి తూటా ఎవరిది? మేం వెనుదిరిగి వెళ్తుండగా సైనికులే కాల్చారని దళంలోనివారు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చారు. ముందు దళంవాళ్లే ఒకటి రెండు తూటాలు పేల్చారని బ్రిటిష్ అధికారి జాన్ బార్కర్ డైరీలో రాసుకున్నాడు. అంతటితో ఆగలేదు, ఆజ్ఞ లేకుండానే తమ సైనికులు ఎగబడి కాల్చారనీ రాశాడు. తనవాళ్లకు చెడ్డపేరు తెచ్చే మాట తానే రాశాడంటే అతన్ని ఎంతవరకు నమ్మవచ్చు? పదిమందికీ చూపడానికి ఇచ్చిన వాంగ్మూలాన్ని, తనకోసం రాసుకున్న డైరీని ఒకేలా చదవవచ్చా? ఈ ప్రశ్నలు వేస్తే, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా వాదనకు దిగుతారు. ఆ సందడి చూస్తే నాకు ఎంత సంతోషమో!

పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో చరిత్రకారులు, విద్యార్థులు పత్రాలను ఎలా చదువుతారో పోల్చి చూశాడు. చరిత్రకారులు ముందుగా రాసిందెవరో, ఎప్పుడో చూస్తారు. విద్యార్థులు మొదటి వాక్యం నుంచి చదువుకుంటూ పోతారు. అందుకే నేనిప్పుడు పత్రం ఇచ్చేముందు రచయిత పేరు, తేదీ మాత్రమే బోర్డుమీద రాస్తాను. ఇతను ఏం రాసి ఉంటాడో ఊహించి రాయమని పిల్లలకు చెప్పి, ఆ తర్వాతే పత్రం పంచుతాను.

ఈ పద్ధతి నేర్చుకోవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘రీడింగ్ లైక్ ఎ హిస్టోరియన్’ పాఠాలు మంచి ఆరంభం, అవి ఉచితం. మారణహోమాల వంటి సున్నితమైన విషయాలు తరగతిలో ఎలా చర్చించాలో తెలియాలంటే, 1976లో ప్రారంభమైన ‘ఫేసింగ్ హిస్టరీ అండ్ అవర్‌సెల్వ్స్’ శిక్షణలు చూడండి. వీటిలో ఉదాహరణలు ఎక్కువగా అమెరికా, ఐరోపాలవే. వాటి స్థానంలో మీ సిలబస్‌కు సరిపడే పత్రాలు మీరే వెతుక్కోవాలి. కొంత శ్రమే గానీ, అసలు నేర్చుకోవడం జరిగేది అక్కడే.

డబ్బు కట్టేముందు అసైన్‌మెంట్ల వివరాలు చదవండి. వీడియో చూసి సరైన జవాబు గుర్తించే పరీక్షలు తప్ప ఏమీ లేకపోతే వదిలేయండి. మీచేత ఒక పాఠ్యప్రణాళిక రాయించి, దాన్ని ఎవరైనా చదివి అభిప్రాయం చెప్పే ఏర్పాటు ఉంటే చేరండి. పదోన్నతికి సర్టిఫికెట్ అవసరమైతే, దాన్ని మీ శాఖ గుర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా కనుక్కోండి.