రాజు చేతిలో సైన్యం ఉండగా పోప్ ముందు ఎందుకు తలవంచాడు?

1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగో హెన్రీ ఇటలీలోని కనోసా కోట బయట, మంచులో, చెప్పుల్లేకుండా, ముతక ఉన్నిబట్టతో మూడు రోజులు నిలబడ్డాడు. లోపల పోప్ ఏడో గ్రెగరీ ఉన్నాడు. పై ప్రశ్న ఈ సంఘటన గురించే. అది భక్తి మాత్రమే అనుకుంటే పొరపాటు.

అసలు గొడవ బిషప్‌లను ఎవరు నియమించాలన్నది. అప్పట్లో బిషప్ అంటే పూజలు చేయించే మనిషి మాత్రమే కాదు, పెద్ద భూస్వామి కూడా. అతనికి వారసులు ఉండరు కాబట్టి, చనిపోగానే ఆ పదవిలో రాజు మళ్లీ తన మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. ఇంత లాభం ఎవరు వదులుకుంటారు?

ఈ గొడవలోనే పోప్ 1076లో హెన్రీని మతం నుంచి వెలివేసి, ప్రజలు అతనికి చేసిన విధేయతా ప్రమాణం చెల్లదన్నాడు. హెన్రీకి అసలు టెన్షన్ అక్కడే. ఆ కాలంలో రాజ్యం నడిచేదే ప్రమాణాల మీద. తిరగబడాలని చూస్తున్న జర్మన్ ప్రభువులకు సాకు దొరికింది, ఏడాదిలోగా వెలి తొలగించుకోకపోతే నువ్వు మా రాజువి కావన్నారు. అందుకే చలికాలంలో ఆల్ప్స్ దాటి వచ్చాడు. క్షమాపణ దొరికింది. అయినా మార్చిలో వాళ్లు వేరే రాజును ఎన్నుకున్నారు, అది వేరే సంగతి! 1084లో హెన్రీ పోప్ ఉండే రోమ్‌నే పట్టుకున్నాడు.

చివరికి 1122లో వర్మ్స్ ఒప్పందంతో రాజీ కుదిరింది: బిషప్‌కు మతాధికారానికి గుర్తుగా ఉంగరం, దండం ఇచ్చేది చర్చి, భూముల అధికారానికి గుర్తుగా రాజదండం ఇచ్చేది చక్రవర్తి, అంటే జర్మనీ రాజే.