తీగ సాగాలి, అతుకు కనిపించకూడదు

కాగితం మీద గీసిన పూలను, ఆకులను కంప్యూటర్‌లోకి తెచ్చి గోడకాగితానికో, గుడ్డకో, ఫోను వాల్‌పేపర్‌కో పనికొచ్చే ప్యాటర్న్‌గా మార్చడం ఎలా అన్న ప్రశ్న ఈ మధ్య రకరకాలుగా వస్తోంది. ఎక్కువమంది అడుగుతున్నది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని. చిక్కు అక్కడ లేదు. ప్యాటర్న్‌లో మళ్లీ మళ్లీ పక్కపక్కన పేర్చే ముక్కే గడి, రెండు గడులు కలిసే చోటే అతుకు. ఆ గడి నాలుగు అంచుల దగ్గర ఏం జరుగుతోందో చూసుకుంటే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే పని అయిపోతుంది. చూసుకోకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ గట్టెక్కించలేదు. ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు.

ప్రశ్న: ఇంకు, నీటిరంగులతో ఒక పూలతీగ గీశాను. ఫోనుతో ఫొటో తీసి పక్కపక్కన పేర్చి చూస్తే ప్రతి గడి చుట్టూ బూడిదరంగు చట్రం బిగించినట్టు కనిపిస్తోంది. ఫోను కెమెరా మంచిదే. మరి లోపం ఎక్కడ?

జవాబు: వెలుతురులో. ఒక పక్క కిటికీ, రెండో పక్క గోడ ఉంటే కాగితం ఒక అంచు తెల్లగా, ఎదుటి అంచు మసకగా పడుతుంది. దానికితోడు లెన్సు స్వభావం వల్ల ఫొటో మూలలు మధ్యభాగం కంటే కొంచెం నల్లబడతాయి. ఒక్క ఫొటోగా చూసినప్పుడు కన్ను దాన్ని పట్టించుకోదు. అదే ఫొటోను అడ్డంగా మూడు, నిలువుగా మూడు పేర్చగానే మసక అంచు పక్కకు తెల్లని అంచు వచ్చి గుట్టు బయటపడుతుంది.

స్కానర్ దొరికితే దానితోనే చేయండి. గీసిన సైజులోనే అచ్చు వేస్తే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు. పది సెంటీమీటర్ల పువ్వును ముప్పై సెంటీమీటర్లకు పెంచాలనుకుంటే 900 దగ్గర స్కాన్ చేయాలి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సాగదీస్తే లేని వివరాలు పుట్టుకురావు. పలుచటి స్కానర్లలో చాలావాటికి ఫోకస్ లోతు బాగా తక్కువ. నీటిరంగుకు ఉబ్బిన కాగితం అద్దానికి అంటకపోతే ఆ మేర బొమ్మ మసకబారుతుంది. అందుకే ముందు రోజు రాత్రే కాగితాన్ని బరువైన పుస్తకాల కింద పెట్టి సాపు చేసుకోండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటో’ పేరుతో ఉన్న సవరణలన్నీ తీసేయండి. అవి లేత పసుపు, లేత గులాబీ పూతలను కాగితం మరకలనుకుని తుడిచేస్తాయి. ఫైలును వివరాలు పోని టిఫ్‌గానో పీఎన్‌జీగానో దాచుకోండి.

ఫోను తప్ప గత్యంతరం లేకపోతే ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో, కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. దగ్గరకు వెళ్లకండి. కాస్త దూరం నుంచి రెండింతల జూమ్‌తో, చుట్టూ ఖాళీ వదిలి తీస్తే గీతలు వంగవు, మూలల నలుపు బొమ్మదాకా రాదు. రసీదులు స్కాన్ చేసే యాప్‌లను మాత్రం దీనికి వాడకండి. పెన్సిల్ నీడలన్నీ వాటికి మురికిలాగే కనిపిస్తాయి.

ఇక కాగితాన్ని తొలగించడం. బొమ్మలు సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో ‘కలర్ టు ఆల్ఫా’ అనే సదుపాయం ఉంది. తెలుపును ఎంచుకుంటే కాగితం మాయమై గీత ఒక్కటే మిగులుతుంది. ఇంకు గీతలకు అంతకంటే శుభ్రమైన పద్ధతి నేను చూడలేదు. నీటిరంగుకు మాత్రం పనికిరాదు. రంగులో కలిసి ఉన్న తెలుపును కూడా అది లాగేస్తుంది కాబట్టి ఆకు పారదర్శకమైపోయి, వెనక పెట్టిన పువ్వు అందులోంచి కనిపిస్తుంది. నీటిరంగు బొమ్మకు ఓపికగా మాస్క్ (ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పే పొర) గీసుకోవాల్సిందే. ఆ పనిలో ఉండగానే ప్రతి పువ్వునూ, ప్రతి రెమ్మనూ విడి లేయర్‌గా, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే విడి పొరగా చేసుకోండి. ముందుముందు వాటిని జరపాల్సి వస్తుంది.

ప్రశ్న: గింప్‌లో ‘టైల్ సీమ్‌లెస్’ అనే ఫిల్టర్ వాడితే అతుకు పోయింది కానీ, పూల మీద పూల నీడలు తేలుతున్నాయి. ఒక్క క్లిక్కుతో శుభ్రంగా వచ్చే దారి లేదా?

జవాబు: లేదు. ఆ ఫిల్టర్ బొమ్మను సగం దూరం జరిపి, జరిపినదాన్నీ అసలుదాన్నీ ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. ఇసుక, గడ్డి, రాతి గోడ వంటివాటికి అది బాగానే నప్పుతుంది. ఫలానా ఆకు ఫలానా చోట ఉండాలని లెక్కపెట్టుకుని గీసిన బొమ్మకు నప్పదు.

కంప్యూటర్లు లేని రోజుల్లో డిజైనర్లు చేసిన పద్ధతి తెలిస్తే ఈ వ్యవహారమంతా అరచేతిలో ఉన్నట్టే. కాగితం మధ్యలో బొమ్మ గీయాలి. అంచులను తాకకూడదు. కాగితాన్ని నిలువుగా రెండు ముక్కలు చేసి కుడి ముక్కను ఎడమకూ, ఎడమ ముక్కను కుడికీ మార్చి వెనకవైపు టేపు అంటించాలి. ఇప్పుడు బయటి అంచులు మధ్యలోకి వచ్చాయి, ఖాళీ కూడా అక్కడే ఉంది. దాన్ని పూరించాలి. మళ్లీ అడ్డంగా కోసి పై ముక్కను కిందికి మార్చి, మిగిలిన ఖాళీని పూరించాలి. అంతే. బయటి అంచు అంతకుముందు బొమ్మ నడిమధ్య కోసినచోటే కాబట్టి, అది ఎదుటి అంచుతో కలవకుండా ఉండే వీలే లేదు. ఓ మధ్యాహ్నం నిజంగానే కాగితం, కత్తెర పట్టుకుని చేసి చూడండి. మెనూలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కత్తెర చేసే పనినే గింప్‌లో ‘ఆఫ్‌సెట్’ చేస్తుంది. ‘లేయర్’ మెనూలోని ‘ట్రాన్స్‌ఫామ్’లో ఉంటుంది. వెడల్పులో సగం, ఎత్తులో సగం జరిపి, ‘రాప్ అరౌండ్’ ఎంచుకోవాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. కత్తిరించి తెచ్చిన పువ్వు లేయర్ కాన్వాస్ (మొత్తం బొమ్మ గీసే చోటు) కంటే చిన్నగా ఉంటే, గింప్ కాన్వాస్ అంచును కాక ఆ లేయర్ అంచునే లెక్కలోకి తీసుకుని పువ్వును ముక్కలు చేస్తుంది. ముందుగా ‘లేయర్ టు ఇమేజ్ సైజ్’ నొక్కండి. కాన్వాస్ వెడల్పు, ఎత్తు సరి సంఖ్యలై ఉండాలి. 2401 పిక్సెళ్లలో సగం ఏ కంప్యూటరూ ఇవ్వలేదు.

జరిపాక మధ్యలో ప్లస్ గుర్తు ఆకారంలో ఖాళీ తేలుతుంది. అందులో చిన్న ఆకులు విడివిడిగా చల్లేస్తే పని అయిపోయిందనుకోకండి. ఒక వైపు కాడ ఎక్కడ ఆగిందో చూసి, దాన్ని ఆ ఖాళీ మీదుగా లాగి అవతలి రెమ్మకు కలపండి. దాని మీద ఒక ఆకును అడ్డంగా పడనివ్వండి. ఆ ఆకు ఈనె సరిగ్గా అతుకు మీదుగా పోతే మరీ మంచిది. ఇలా తీగ అతుకును దాటిన చోట గడి హద్దు చెరిగిపోతుంది. ఖాళీ పూరిస్తున్నంతసేపూ బయటి అంచులను ముట్టుకోకండి. ముట్టుకున్నారని అనుమానం వస్తే మళ్లీ ఒకసారి ఆఫ్‌సెట్ చేసి చూసుకోండి.

ట్యాబ్ మీదో కంప్యూటర్‌లోనో నేరుగా గీసేవాళ్లకు క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ ఇంకా సుఖం. ‘రాప్ అరౌండ్’ మోడ్ పెడితే, కుడి అంచు దాటించిన గీత ఎడమ అంచు నుంచి లోపలికి వస్తూ కనిపిస్తుంది. కీబోర్డులో డబ్ల్యూ నొక్కితే చాలు. ఇది ఉచితం. ఫొటోషాప్‌లో ఇలాంటిదే ‘ప్యాటర్న్ ప్రివ్యూ’ పేరుతో 2020 అక్టోబరులో వచ్చింది.

ప్రశ్న: అతుకు అసలు కనిపించడం లేదు. అయినా గోడంత సైజులో చూస్తే పెద్ద పువ్వులన్నీ కవాతుకు నిలబడ్డట్టు వరుసలో ఉన్నాయి. చేతితో గీసిన అందమంతా పోయింది.

జవాబు: ఈ ఉత్తరం రాసినవారి కన్ను మంచిది. చాలామంది ఇక్కడిదాకా వచ్చి చాలనుకుంటారు.

ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉన్న పెద్ద వస్తువులను కన్ను కలిపేసి గీతగా చదువుతుంది. పూలనే కాదు, వాటి నడుమ ఖాళీలను కూడా. మందు ‘హాఫ్ డ్రాప్’. రెండో నిలువు వరుసను సగం ఎత్తు కిందికి దించడం. అప్పుడు పువ్వు పక్కన పువ్వు రాదు, రెండు పువ్వుల నడిమి భాగం వస్తుంది. కన్ను అడ్డంగా పరుగెత్తలేక ఏటవాలుగా తిరుగుతుంది, గడి ఎక్కడుందో వెతకడం మానేస్తుంది.

వెక్టర్ బొమ్మలు (పిక్సెళ్లు కాక గీతల లెక్కలతో ఉండేవి) గీసే ఇలస్ట్రేటర్‌లో అయితే ప్యాటర్న్ ఎంపికల్లో ‘బ్రిక్ బై కాలమ్’ పెట్టి సగానికి జరిపితే సరి. గింప్‌లో చేత్తో లెక్క చేసుకోవాలి. గడి 2400 పిక్సెళ్ల చతురస్రం అనుకుందాం. పై నుంచి 600 దగ్గర ఒక ఆకు కుడి అంచు దాటి బయటికి పోయింది. మామూలు ప్యాటర్న్‌లో మిగతా ముక్క ఎడమ అంచులో 600 దగ్గరే లోపలికి రావాలి. హాఫ్ డ్రాప్‌లో 1800 దగ్గర రావాలి. కాబట్టి అంచు దాటే ప్రతి ఆకుకూ ఒక నకలు తీసి, 2400 ఎడమకు, 1200 కిందికి జరపండి. ఆకు పై నుంచి 1200 కంటే దిగువన ఉంటే నకలును 1200 పైకి జరపాలి. పై అంచు, కింది అంచు మాత్రం మామూలుగానే కలుస్తాయి. క్రిటాలోని రాప్ అరౌండ్ నేరు వరుసలనే చూపిస్తుంది కాబట్టి ఇక్కడ అక్కరకు రాదు.

అచ్చుకు పంపేటప్పుడు ఇంకో మెలిక ఉంది. కొందరు ముద్రాపకులు ఒక్క గడి పంపమని, హాఫ్ డ్రాప్ తామే చేసుకుంటామని అంటారు. మరికొందరికి నేరుగా పేర్చుకునే గడి కావాలి. వాళ్లకు రెండు నిలువు వరుసలూ కలిపి 4800 వెడల్పు, 2400 ఎత్తు ఉన్న ఫైలు ఇవ్వాలి. జోడు గడి పంపి, అవతల మళ్లీ హాఫ్ డ్రాప్ ఎంచుకుంటే తీగలన్నీ తెగిపోతాయి. ముందే అడిగి తెలుసుకోండి.

లెక్క ఒక ఎత్తయితే, బొమ్మ కూర్పు ఒక ఎత్తు. పెద్ద పువ్వు ఒక్కటే ఉంటే అది ఎన్నిసార్లు వచ్చిందో ఎవరైనా లెక్కపెట్టేయగలరు. ఒకేలా లేని రెండు మూడు పెద్ద పూలు, వేర్వేరు వైపులకు తిరిగినవి గీయండి. కాడలన్నీ కింది నుంచి పైకే పోతుంటే గుడ్డకు తల, కాలు ఏర్పడతాయి. దుస్తులు కుట్టేవాళ్లు ముక్కలన్నీ ఒకే వైపుకు కత్తిరించాల్సి వచ్చి గుడ్డ వృథా అవుతుంది. గోడకాగితానికైతే ఈ బాధ లేదు. చివరగా, ప్యాటర్న్‌ను బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి, కళ్లు సగం మూసి చూడండి. మరకలా, దారిలా ఏదైనా తేలితే అక్కడ ఒక రెమ్మను జరపాలి. విడి లేయర్లు ఉంచుకోమన్నది ఇందుకే.

కొందరు శ్రమ తప్పించుకోవడానికి అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పేరుస్తారు. సమతలాన్ని పునరావృతమయ్యే బొమ్మతో నింపే సౌష్ఠవాలు, అంటే జరపడం, తిప్పడం, అద్దంలా తిరగేయడం కలిసిన అమరికలు, సరిగ్గా 17 రకాలేనని రష్యన్ స్ఫటిక శాస్త్రవేత్త ఫ్యోదొరోవ్ 1891లోనే నిరూపించారు. వెక్టర్ బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లోని ‘టైల్డ్ క్లోన్స్’లో ఆ పదిహేడూ వరుసగా కనిపిస్తాయి. ఆడుకోవడానికి భలేగా ఉంటుంది. కానీ చేతితో గీసిన మొక్కకు ప్రతిబింబం చేటు. నడిగీత ఇట్టే దొరికిపోతుంది, జంట ఆకుల మధ్య కళ్లు, ముక్కు ఉన్న ముఖాలు తేలతాయి. ఒకసారి కనిపించాక ఇక పువ్వులు కనిపించవు.

ప్రశ్న: బొమ్మను వెక్టర్‌గా మార్చాలా?

జవాబు: ఇంకు గీత అయితే మార్చండి. ఎంత పెంచినా అంచు చెదరదు, రంగు మార్చడం తేలిక. నీటిరంగు అయితే వద్దు. పూత నెమ్మదిగా పలచబడే చోటును ట్రేస్ చేసే సాఫ్ట్‌వేర్ మెట్లుమెట్లుగా కోసి, భౌగోళిక పటంలోని ఎత్తుల గీతల్లా తయారుచేస్తుంది.

ప్రశ్న: గడుల మధ్య వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తోంది. కాన్వాస్ సైజు సరిగానే ఉంది.

జవాబు: ముందు అది నిజమైన గీతేనా అని తేల్చుకోండి. ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మల ఫైలు), పీడీఎఫ్ ఫైళ్లలో రెండు ఆకారాలు ఆనుకున్నచోట స్క్రీన్ మీద ఇలాంటి గీత మెరుస్తుంది. జూమ్ మార్చినప్పుడు కూడా అది లావు మారకుండా సన్నగానే ఉంటే భ్రమే. ఆ ఫైలును పీఎన్‌జీగా మార్చి పేర్చి చూస్తే సందేహం తీరుతుంది.

పీఎన్‌జీలోనూ కనిపిస్తే అనుమానించాల్సింది గడి పూర్తయ్యాక వాడిన ఫిల్టర్లను. పదును పెంచే ఫిల్టరైనా, మసక చేసే ఫిల్టరైనా చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి లెక్క కడుతుంది. అంచు అవతల ఏముందో దానికి తెలియదు కాబట్టి అక్కడ తప్పు లెక్క వేస్తుంది. విరుగుడు ఉంది. గడిని మూడు అడ్డంగా, మూడు నిలువుగా పేర్చి, ఫిల్టర్‌ను ఆ తొమ్మిదింటికీ కలిపి వేసి, నడిమి గడిని కత్తిరించుకోండి. దాని అన్ని పక్కలా నిజమైన పొరుగు గడులే ఉన్నాయి కాబట్టి అంచులు సరిగ్గా కలుస్తాయి. జేపెగ్ కూడా బొమ్మను 8×8 పిక్సెళ్ల ముక్కలుగా చేసి కుదిస్తుంది. బాగా కుదించినప్పుడు ఎదురెదురు అంచులు వేర్వేరుగా పాడవుతాయి. చివరి ఫైలుకు దాని జోలికి పోకండి.

ప్రశ్న: స్క్రీన్ మీద నిగనిగలాడిన చిగురాకుపచ్చ అచ్చులో చప్పబడింది. ప్రింటర్‌దే తప్పా?

జవాబు: కాకపోవచ్చు. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద సిరా తన మీద పడ్డ వెలుతురులో కొంత మింగి మిగతాది వదులుతుంది. స్క్రీన్ చూపగల కొన్ని పచ్చలు, నారింజలు అచ్చుకు వాడే నాలుగు రంగుల సీఎంవైకే సిరాలకు అందవు. సాఫ్ట్‌వేర్‌లో ‘సాఫ్ట్ ప్రూఫ్’ (అచ్చులో ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే సదుపాయం) పెట్టుకుని చూస్తే ఏ రంగులు చప్పబడతాయో ముందే తెలుస్తుంది. అంతకంటే నమ్మదగినది, మీ ప్యాటర్న్‌లోని పచ్చకు అటూఇటూ నాలుగైదు ఛాయలను పక్కపక్కన చిన్న గళ్లుగా పెట్టి, అసలు గుడ్డ మీదే నమూనా వేయించుకోవడం. ఫైలును స్క్రీన్ రంగుల పద్ధతి ఆర్‌జీబీలో పంపాలా, సీఎంవైకేలోనా అన్నది ముద్రాపకులు చెప్పినట్టే చేయండి. మీరే ముందుగా మార్చేస్తే పోయిన రంగు వెనక్కి రాదు.

స్క్రీన్ ప్రింటింగ్ అయితే ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి కాబట్టి రంగుల సంఖ్య తగ్గించాలి. గింప్‌లో బొమ్మను పరిమిత రంగులతో ఉండే ‘ఇండెక్స్‌డ్’ మోడ్‌లోకి మార్చి, ఎన్ని రంగులు కావాలో సంఖ్య ఇవ్వండి. లేని ఛాయలను చుక్కలతో భ్రమింపజేసే ‘డితరింగ్’ వద్దని చెప్పడం మరవకండి, లేకపోతే ఆకుల నిండా చుక్కలు పడతాయి.

ప్రశ్న: ఇదంతా చేయడానికి ఏ ట్యాబ్ కొనాలి?

జవాబు: గీసేది కాగితం మీదే అయితే అసలు అక్కర్లేదు. నేరుగా ట్యాబ్ మీదే గీస్తానంటే, పెన్ను ఒత్తిడిని 4096 స్థాయిల్లో గుర్తిస్తుందా, 8192లోనా అన్న ప్రకటనలను పట్టించుకోకండి. చేతికి ఆ తేడా తెలియదు. మెమరీ ఎంతుందో చూడండి. ప్రొక్రియేట్ వంటి యాప్‌లలో కాన్వాస్ పెరిగేకొద్దీ లేయర్ల సంఖ్య తగ్గిపోతుంది. 4800 పిక్సెళ్ల కాన్వాస్‌లో పువ్వుకో లేయర్ పెట్టుకునే పనికి అది పెద్ద ఇబ్బంది. కొనే ముందు దుకాణంలోనే స్కేలు ఆనించి, పెన్నుతో ఏటవాలుగా చాలా నెమ్మదిగా ఒక గీత గీసి చూడండి. స్కేలు ఉన్నా గీత అలలుగా వణికితే ఆ ట్యాబ్ సన్నని కాడలు గీయడానికి పనికిరాదు.