నవంబరు మంచును తేలిగ్గా తీసుకోవద్దు

చిరంజీవి రవికి,

పెదనాన్న ఆశీస్సులు. స్కీ రిసార్టులు తెరిచేదాకా ఆగకుండా వచ్చే శనివారం స్నేహితులతో కలిసి కొలరాడోలోని బెర్తూడ్ పాస్ కనుమ వైపు వెళ్లాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్లవద్దని నేను అనను. ఈ కొండల్లో ఏళ్ల తరబడి తిరిగినవాడిగా, బయలుదేరే ముందు నువ్వు తెలుసుకోవలసినవి రాస్తున్నాను.

మంచు ఇంకా మోకాలి లోతు కూడా లేదు కదా, మంచుచరియలు (అవలాంచ్‌లు) ఎలా విరిగిపడతాయని చాలామంది అనుకుంటారు. కొలరాడోలో ప్రమాదానికి పునాది పడేది ఆ పలుచని మంచులోనే. అక్టోబరులో పడినది దక్షిణపు వాలుల్లో ఎండకు కరిగిపోతుంది కానీ, ఉత్తరానికీ ఈశాన్యానికీ తిరిగి ఉన్న నీడ వాలుల్లో నిలిచిపోతుంది. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర ఉండగా పైన రాత్రిగాలి అంతకంటే ఎంతో చల్లగా ఉండటంతో, నీటి ఆవిరి కిందినుంచి పైకి సాగుతూ ఆ మంచును ఒకదానితో ఒకటి అతకని పెద్ద పెద్ద పలుకులుగా మార్చేస్తుంది. మంచు ఎంత పలుచగా ఉంటే ఈ మార్పు అంత త్వరగా జరుగుతుంది. పారతో నేలదాకా తవ్వి అడుగు పొరను గుప్పిట పట్టి చూడు: ముద్ద కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దానిమీద తుఫాను మంచో, పడమటి గాలి శిఖరం దాటించి తెచ్చిపోసిన మంచో గట్టి పలకలా పేరుకుంటే, ఒక్క మనిషి బరువుకే వాలు మొత్తం కదిలిపోవచ్చు.

కాబట్టి తుఫానుకు ముందే పాత మంచు ఎక్కడెక్కడ మిగిలి ఉందో చూసి ఫొటోలు తీసి పెట్టుకో. కొత్త మంచు కప్పేశాక అన్ని వాలులూ ఒకేలా కనిపిస్తాయి.

మంచుచరియల ప్రమాదం గురించి కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే సూచన చదవకుండా కారు ఎక్కవద్దు. ప్రమాద స్థాయిలు ఐదు. మూడోది ఐదింటి నడుమదే కదా అని ధైర్యపడేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే ఆ స్థాయిలో మనిషి అడుగుపడితే చరియ విరిగే అవకాశం బాగా ఎక్కువ. నా మాట వింటే, ఈ నెలంతా 30 డిగ్రీల లోపు వాలుల్లోనే తిరుగు. నువ్వు నిలబడిన చోటు చదునుగా ఉన్నా, పైన నిటారు వాలు ఉంటే అదీ ప్రమాద స్థలమే. కాలి కింద మంచు ‘వుంఫ్’ మని కుంగినా, స్కీల ముందునుంచి పగుళ్లు పాకినా, ఇక చర్చ పెట్టుకోకుండా వెనక్కి తిరగండి. ఈ కాలంలో చిన్న చరియ కూడా మనిషిని రాళ్లమీదా మొద్దులమీదా ఈడ్చుకుపోతుంది. తెరవని రిసార్టు వాలులనూ నమ్మవద్దు. అక్కడ చరియలను ముందే పేల్చి దించే పని ఇంకా మొదలై ఉండకపోవచ్చు.

ట్రాన్సీవర్ (పూడిపోయినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ట్రాన్సీవర్‌లో కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేసి, ఫోనును దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచు; వెతికేటప్పుడైతే 50. పూడిపోయినవాళ్లు బతికే అవకాశం పది, పదిహేను నిమిషాల్లోనే వేగంగా పడిపోతుంది కనుక, సహాయక దళం వచ్చేలోగా తవ్వి తీయవలసింది పక్కనున్న మీరే. అందుకే అనుమానమున్న వాలును ఒక్కొక్కరుగా దాటాలి, మిగిలినవాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తూ ఉండాలి.

అనుభవజ్ఞులు వెంట ఉన్నారన్న భరోసా చాలదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర చరియ విరిగిపడి పర్వతారోహణ శిక్షణ బృందంలో పాతికమందికి పైగా చనిపోయారు. అదే ఏడాది మే నెలలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ వాళ్లలో ఒకరు.

మంచుచరియల ప్రమాదం గురించి నేర్పే మూడు రోజుల ప్రాథమిక శిక్షణ తరగతిలో ఈ చలికాలమే చేరు, ఫీజు నేను కడతాను. శుక్రవారం రాత్రి మీ దారినీ, తిరిగి వచ్చే సమయాన్నీ నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న