పెట్రోల్ వీడర్‌లో డీజిల్ పోశాం, ఇంజిన్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోస్కోటె తాలూకా. రెండెకరాల్లో గులాబీ, టమాట వేస్తాం సార్. పంపుసెట్టు కోసం ఉంచిన డీజిల్‌ను మా అబ్బాయి పొరపాటున కలుపు తీసే పెట్రోల్ వీడర్‌లో పోశాడు. కాసేపు తిరిగి, తెల్లపొగ వదిలి ఆగిపోయింది. ఎంత తాడు లాగినా స్టార్ట్ కావడం లేదు. పంపుసెట్టుకు స్పార్క్ ప్లగ్గే లేదు, అయినా డీజిల్ మండుతోంది. ప్లగ్గు ఉన్న దీంట్లో ఎందుకు మండదు? దీన్ని అమ్మేసి డీజిల్ వీడర్ తీసుకోమంటారా?

జవాబు: ఇంజిన్ పోలేదు, టెన్షన్ పడకండి. ముందు తాడు లాగడం ఆపండి. లాగినకొద్దీ సిలిండర్‌లోకి ఇంకా డీజిల్ చేరుతుంది.

ప్లగ్గు అంటించగలిగేది ఆవిరిని, చుక్కల్ని కాదు. పెట్రోల్ మామూలు వేడికే ఆవిరవుతుంది. కార్బొరేటర్‌లో గాలితో కలిసి సిలిండర్‌లోకి వెళ్తుంది. పిస్టన్ ఆ మిశ్రమాన్ని సుమారు 8, 9 రెట్లు నొక్కుతుంది. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు, ఫ్లైవీల్‌లోని అయస్కాంతం, పక్కనున్న కాయిల్ కలిసి 10 వేల వోల్టులకు పైగా పుట్టిస్తాయి. ప్లగ్గు మొనల మధ్య మిల్లీమీటరు కూడా లేని సందులో నిప్పురవ్వ దూకుతుంది, మంట అక్కణ్ణుంచి పాకుతుంది. మీ వీడర్ బ్యాటరీ లేకుండానే నడిచేది ఇందుకే. డీజిల్ ఆ వేడికి ఆవిరి కాదు, చుక్కలుగానే వచ్చి ప్లగ్గును తడిపేస్తుంది.

పంపుసెట్టు దారి వేరు. అది లోపలికి పీల్చేది వట్టి గాలినే. దాన్ని 16 నుంచి 20 రెట్లు నొక్కుతుంది. సైకిల్‌కు గాలి కొడుతుంటే పంపు అడుగున వేడెక్కడం చూసే ఉంటారు. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే, ప్లగ్గు అవసరం లేకుండా దానంతటదే అంటుకుంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన పద్ధతి ఇదే. మీ వీడర్‌లో అంత నొక్కుడూ లేదు, నాజిలూ లేదు.

ఇక రిపేరు. ట్యాంకు, పైపు, కార్బొరేటర్ గిన్నె పూర్తిగా ఖాళీ చేయండి. ప్లగ్గు విప్పి, దాని వైరును దూరంగా కట్టేసి, నాలుగైదుసార్లు తాడు లాగితే లోపలి డీజిల్ ప్లగ్గు రంధ్రం నుంచి బయటికి కొడుతుంది. మొహం అటు పెట్టకండి, దగ్గర్లో బీడీ కూడా వద్దు. ప్లగ్గును పెట్రోల్‌తో తుడిచి ఆరబెట్టండి. నల్లగా మాడి ఉంటే బెంగళూరు జె.సి. రోడ్డులోని విడిభాగాల షాపుల్లో కొత్తది కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ (ఆయిల్ విడిగా పోసేది) అయితే ఆయిల్ కూడా చూడాలి. మట్టం పెరిగినా, డీజిల్ వాసన వచ్చినా మార్చేయండి. చాలామంది వదిలేసేది ఇదే, తర్వాత బేరింగులు అరిగిపోతాయి. టూ స్ట్రోక్ అయితే కంపెనీ చెప్పిన పాళ్లలో ఆయిల్ కలిపిన పెట్రోలే పోయాలి. మొదట కాసేపు పొగ వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది.

మీ అబ్బాయి చేసింది చిన్న తప్పే. పంపుసెట్టులో పెట్రోల్ పోసి ఉంటే నష్టం ఎక్కువ. దాని ఫ్యూయల్ పంపుకు, నాజిల్‌కు జారుడు ఇచ్చేది డీజిలే. పెట్రోల్‌తో అవి రాసుకుపోతాయి. అలా ఎప్పుడైనా జరిగితే ఒక్కసారి కూడా తిప్పకుండా మొత్తం తీసేసి, ఫిల్టరు మార్చి, పైపుల్లో గాలి వదిలించాలి.

డిసెంబరు పొద్దుటిపూట పంపుసెట్టు మొరాయిస్తే కారణం కూడా వేడే. చల్లటి సిలిండర్ గాలి వేడిని లాగేసుకుంటుంది. పైగా మీ ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన. అందుకే తీరప్రాంతంతో పోలిస్తే రెండు రకాల ఇంజిన్లూ ఇక్కడ కొంచెం తక్కువ బలం ఇస్తాయి. చలి తగ్గాక కూడా స్టార్ట్ కాకపోతే రింగులు, వాల్వులు, నాజిల్ చూపించండి.

డీజిల్ వీడర్ మీకు వద్దనే అంటాను. అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇంజిన్ బరువుగా ఉండాల్సిందే. గులాబీ సాళ్ల మధ్య దాన్ని తిప్పేసరికి మనిషి అలసిపోతాడు. గంటల తరబడి ఒకేచోట నడిచే పంపుకు డీజిల్ లాభం, ఇంధనం తక్కువ తాగుతుంది. రెండెకరాల కలుపుకు మీ పాత వీడరే చాలు.