లోటు ఉందని నియామకాలు ఆపేసి, ఇద్దర్ని మాత్రం తీసుకుంటున్నారు. ఇదేం న్యాయం?

మీ ప్రశ్న ఇదీ: మీ నగరపాలక సంస్థ లోటు పేరు చెప్పి నియామకాలన్నీ ఆపేసింది. అదే నెలలో పన్నుల విభాగంలో ఇద్దరు కావాలని ప్రకటన ఇచ్చింది. అంతకుముందే ఎంపికైన మీ తమ్ముడేమో 8 నెలలుగా ఆర్డరు కోసం చూస్తున్నాడు.

నేను ఒక స్థానిక సంస్థ ఆర్థిక విభాగంలో 9 ఏళ్లు పనిచేశాను. మీ కోపం అర్థమైంది. కానీ నాకు తప్పుగా తోచేది ఆ ఇద్దర్ని తీసుకోవడం కాదు, మిగతావన్నీ ఒక్క గీతతో ఆపేయడం.

ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. లోటు రాగానే అందరి కళ్లూ ఖాళీల మీద పడతాయి. ఉన్నవాళ్లను తీసేస్తే యూనియన్, కోర్టు, నానా గొడవ. ఇంకా చేరనివాళ్లను ఆపేస్తే అడిగేవాళ్లుండరు. చిక్కేమిటంటే, ఏ కుర్చీ ఖాళీ కావాలో అప్పుడు సంస్థ చేతిలో ఉండదు. ఎవరు రిటైరైతే ఆ కుర్చీ, ఎవరికి బయట మంచి ఉద్యోగం దొరికితే ఆ కుర్చీ.

మా దగ్గర ఒక ఏడాది ఆస్తి పన్ను లెక్కగట్టేవాళ్లు ముగ్గురు రిటైరయ్యారు. 'ప్రస్తుతానికి భర్తీ అవసరం లేదు' అని ఫైల్లో నోట్ రాసింది నేనే. కాగితం మీద మూడు జీతాలు మిగిలాయి, మా పైఅధికారి సంతోషించారు కూడా. ఆ తర్వాత కొత్త ఇళ్లు వచ్చాయి, పాత ఇళ్ల మీద అంతస్తులు లేచాయి. వాటిని కొలిచి రిజిస్టర్లో ఎక్కించే మనిషి లేడు. ఇల్లు మూడంతస్తులైనా పన్ను ఒక అంతస్తుకే వస్తోంది. మిగిలిన జీతాల కన్నా పోయిన పన్నే ఎక్కువని తెలియడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఇచ్చిన జీతం పద్దులో కనిపిస్తుంది, రాని పన్ను ఏ పద్దులోనూ కనిపించదు మరి. అందుకే మీ దగ్గర పన్నుల విభాగానికి మినహాయింపు ఇచ్చారంటే, ఎవరో కాస్త లెక్క తెలిసినవాళ్లే ఇచ్చి ఉంటారనిపిస్తోంది.

నీళ్ల పంపుహౌస్‌ది ఇంకో కథ. అక్కడ రాత్రీపగలూ ఒక మనిషి ఉండాలి, అంటే వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటలు చేసినా ముగ్గురితో 144 గంటలే అవుతాయి. నాలుగో మనిషి వెళ్లిపోయాక భర్తీ ఆపాం. మిగతా 24 గంటలూ ఓవర్‌టైమ్‌లోకి వెళ్లాయి. జీతాల పద్దు తగ్గింది, దాని పక్క పద్దు పెరిగింది. అలసిపోయి ఒకాయన సెలవు పెడితే చాలు, మా అందరికీ టెన్షన్.

పెద్ద నగరాలకూ ఇది తప్పలేదు. న్యూయార్క్ ఏళ్ల తరబడి రోజువారీ ఖర్చులకు కూడా అప్పులు చేసి, 1975 జులై 1న ఒక్కసారిగా సుమారు 5,000 మంది పోలీసులను తొలగించింది. పారిశుద్ధ్య కార్మికులనూ తీసేయడంతో సమ్మె మొదలై చెత్త వీధుల్లో పేరుకుపోయింది. తీసేసినవాళ్లలో కొందరిని కొద్ది రోజుల్లోనే వెనక్కి పిలవాల్సి వచ్చింది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబరులో సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. అంటే చట్టప్రకారం తప్పనిసరి అయిన సేవలకు తప్ప కొత్త ఖర్చు పెట్టడానికి లేదు. చెత్త సేకరణలో ఒక హోదాను రద్దు చేయడం మీద అక్కడా 2025 మార్చిలో కార్మికులు పూర్తి సమ్మెకు దిగారు.

అలాగని మీ వాళ్లు నిజాయితీగా చేశారని నేను పూచీ పడను. మినహాయింపులు ఎలా వస్తాయో దగ్గర్నుంచి చూశాను. మా గదికొచ్చి కూర్చుని గట్టిగా మాట్లాడే విభాగాధిపతి ఫైలు కదిలేది. పంపుహౌస్ తరఫున మాట్లాడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆ ఏడాదే ఒక పెద్దాయన పేషీకి మాత్రం సహాయకుడు దొరికాడు!

కాబట్టి రెండు సంగతులు కనుక్కోండి. ఒకటి, ఆ ఇద్దరి జీతం ఎక్కడి నుంచి వస్తుంది. ఏదైనా పథకం గ్రాంటు నుంచైతే ఆ డబ్బు వేరే పనికి వాడటానికి వీల్లేదు, మీ తమ్ముడి పోస్టుకు దాన్ని మళ్లించలేరు. రెండు, గత మూడేళ్లలో ఓవర్‌టైమ్, ఔట్‌సోర్సింగ్ పద్దులు ఎంత పెరిగాయి. ఖాళీల వల్ల మిగిలిందంటున్న మొత్తానికి అవి దగ్గరగా ఉంటే, అసలు మిగిలిందేమీ లేదన్నమాట. కౌన్సిల్‌లో అడగాల్సింది అదే.

మీ తమ్ముడి విషయం. మా దగ్గరా ఎంపికైన ఒకబ్బాయి ప్రతి సోమవారం ఫోన్ చేసేవాడు. 'ఫైలు నడుస్తోంది బాబూ' అనేవాణ్ని. ఫైలు నా బల్ల సొరుగులోనే ఉండేది. నియామకాల మీద నిషేధం ఎత్తేసేసరికి ఆ ఎంపిక జాబితా గడువు తీరిపోయింది, అంతా మళ్లీ మొదటి నుంచి. ఆ సంగతి నేను అతనికి ముందే చెప్పి ఉండాల్సింది. మీ తమ్ముణ్ని జాబితా గడువు ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా అడగమనండి. ఈలోగా వేరే ప్రయత్నాలు మాత్రం ఆపొద్దనండి.